అన్నయ్య బండికి నేను మార్చిన నూనెలు

నా చేతులు ఊరుకోవు. ఈ మాట మొదట మా అమ్మ అంది, తర్వాత వార్డులో పెద్ద సిస్టరు అంది, పెళ్ళయ్యాక మా ఆయన కూడా అన్నాడు. కూర బాగుందని అందరూ తినేసి లేస్తున్నా నేను గిన్నెలో ఇంకాస్త ఉప్పు వేసి కలుపుతాను. కుట్టించిన జాకెట్టు విప్పి మళ్ళీ కుడతాను. ఒక వస్తువు దాని మానాన అది ఉంటే నాకు తోచదు. ఈ గుణం వల్ల చాలాసార్లు తిట్లు తిన్నాను గానీ, దీనివల్ల మనుషుల ప్రాణాల మీదకు వస్తుందని ఆ వేసవి దాకా నాకు తెలియదు.

మాది పశ్చిమ గోదావరి. నాన్న రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను దేవేంద్ర నగర్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుని. అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఊరి బయట ఒక ఉక్కు కర్మాగారంలో క్రేను ఆపరేటరు. షెడ్డు పైకప్పు కింద చిన్న గదిలో కూర్చుని, కింద మనుషులు తిరుగుతుండగా, టన్నుల బరువున్న ఇనుప చుట్టలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి దించుతాడు. చప్పుడు కాకుండా దించుతాడని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. ఆ పేరంటే వాడికి జీతం కంటే ఎక్కువ ఇష్టం.

వాడికున్న ఒకే ఒక పిచ్చి రిమోట్ బండి. మూరెడు పొడవుండే ట్రక్కు, ముళ్ళ టైర్లు, బ్యాటరీ మోటారు. మందిర్ హసౌద్ అనే ఊరు దాటాక ఒక ఖాళీ స్థలంలో ఎర్రటి మురం మట్టి పోసి, దిబ్బలూ గుంటలూ చేసి, పైపులు అడ్డం పెట్టి ట్రాక్ తయారు చేశారు. ఆదివారం మధ్యాహ్నం ఓ పదిహేను మంది పెద్ద మగాళ్ళు అక్కడ చేరి చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవారు. నడిపేవాళ్ళు నిలబడడానికి ఎత్తుగా ఒక చెక్కల వేదిక ఉండేది, దాన్ని మచాన్ అనేవారు. అన్నయ్య దాని మీద నిలబడి నడిపేవాడు, నేను కింద బండి చూసుకునేదాన్ని. అక్కడున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో నవ్వారు. నేను షాకర్లు నింపడం చూశాక వాళ్ళ బండ్లు కూడా తెచ్చి నా ముందు పెట్టారు.

షాకర్లంటే బండి దిబ్బ మీద నుంచి దూకినప్పుడు దెబ్బను పట్టే చిన్న గొట్టాలు. వాటిలో నూనె ఉంటుంది. చిక్కటి నూనె పోస్తే బండి బిగిసిపోతుంది, పలచటిది పోస్తే కడుపు నేలకు కొడుతుంది. నూనెలో ఒక్క గాలి బుడగ మిగిలినా పట్టు పోతుంది. సిరంజిలో బుడగ ఉండనివ్వకపోవడం నా పని కదా, ఇదీ అంతే. నూనె నింపి, కడ్డీని మెల్లగా పైకీ కిందకీ ఆడించి, బుడగలన్నీ తేలేదాకా ఆగి, మూత బిగించేదాన్ని. ఇంకే పనిలోనూ నాకు అంత ఓపిక ఉండేది కాదు.

మొదటి ఏడు అన్నయ్య బాగా గెలిచాడు. ఆ ఏడు క్రిస్మస్ దాటాక ఓడిపోవడం మొదలుపెట్టాడు. ట్రాక్‌కు ఎడమ చివర ఒక దిబ్బ, దాని వెంటనే మలుపు ఉన్నాయి. అక్కడ బండి ప్రతిసారీ వంకరగా పడేది. పైపుకు గుద్దుకునేది. పక్కనుంచి వచ్చే బండిని తప్పించుకోలేక దాని కిందకి దూరేది. పరుగు అయ్యాక మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం. వేడి చూసే గన్నుతో చూస్తే తొంభై డిగ్రీలు దాటేది. డెబ్బై, మహా అయితే ఎనభై ఉండాలి. ఆ పైన మోటారులోని అయస్కాంతం బలం తగ్గిపోతుంది.

ఇంక నన్ను చూడాలి. నూనె ముప్పై నంబరు తీసి ముప్పై అయిదు పోశాను. ఎండ ముదిరే కొద్దీ నూనె పలచబడుతుంది కదా అని నలభై చేశాను. ముందు షాకర్లకు ఒకటీ వెనక వాటికి ఒకటీ పోసి చూశాను. స్ప్రింగులు మార్చాను. గొట్టం లోపలి బిళ్ళకు ఎన్ని రంధ్రాలుండాలో తేల్చుకోలేక మూడు రకాలు తెప్పించాను. మోటారు కడ్డీ చివర ఉండే పళ్ళచక్రం చిన్నది వేస్తే మోటారుకు భారం తగ్గుతుందన్నారు, వేశాను. బండి నెమ్మదించింది గానీ వేడి తగ్గలేదు. మోటారుకు అల్యూమినియం రెక్కలు తొడిగి, వాటి మీద ఫ్యాను పెట్టి, అది చాలక రెండో ఫ్యాను పెట్టాను.

ఆదివారం ఉదయం ఆరాధనలో కూర్చుంటే పాస్టరుగారి వాక్యం చెవిలోకి వెళ్ళేది కాదు. మోకాళ్ళ మీద ఉండి కళ్ళు మూసుకుంటే ఎడమ మలుపు దిబ్బ కనిపించేది. చివరి పాట రెండో చరణంలోనే చెప్పులు వెతుక్కునేదాన్ని. వదిన నా చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టేది. ఎవరి పాపాలు క్షమించమని అడిగానో తెలియదు గానీ, వెనక స్ప్రింగు మెత్తబడిందా అని మాత్రం దేవుణ్ణి చాలాసార్లు అడిగాను.

మేలో నేను చేసిన ఘనకార్యం ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారట. రాయపూర్ ఎండలో కూలరు లేని ఇల్లు ఉండదు. దాని పక్క తడకల్లో గడ్డి ఉంటుంది, ఆ గడ్డి తడిస్తేనే గాలి చల్లగా వస్తుంది. ఇంత పెద్ద ఇంటిని చల్లబరిచే గడ్డి ఇంత మోటారును చల్లబరచదా అనిపించింది. మా కూలరు లోంచి గుప్పెడు గడ్డి పీకి, తడిపి, ఫ్యాను ముందు దారంతో కట్టాను. రెండు చుట్ల పాటు మోటారు మంచులా ఉంది. మూడో చుట్టుకు మురం దుమ్మంతా ఆ తడికి అంటుకుని, బురదై, అల్యూమినియం రెక్కల మధ్య గోడ పూసినట్టు నిండిపోయింది. నాలుగో చుట్టులో పొగ వచ్చింది. కొత్త మోటారు వేయాల్సి వచ్చింది. ఇంట్లో కూలరు ఒక పక్క వేడి గాలి కొడుతుంటే మా ఆయన కూలరు వైపే చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి ఆదివారం కొత్త మోటారుతో కూడా అన్నయ్య బండి తొంభై ఆరు చూపించింది. అన్నయ్య మొహం కడుక్కుని, గేటు దగ్గర పోహా తినడానికి వెళ్ళాడు. టాటీబంధ్‌లో లారీలు తిప్పే ఒక సర్దార్జీ మా పక్క బల్ల దగ్గర ఖాళీగా ఉన్నారు, ఆయన బండి పళ్ళచక్రం అరిగిపోయింది. అయిదు నిమిషాలు మా బండి నడిపి షాకర్లలో లోపమేమిటో చెప్పమని అడిగాను. మోటారు చల్లారేదాకా ఆగి, నిండు బ్యాటరీ పెట్టి ఇచ్చాను. ఆయన మచాన్ ఎక్కి అయిదు నిమిషాలు నడిపారు, అదీ అన్నయ్య కంటే వేగంగా. ఎడమ దిబ్బ మీద బండి లేచి నాలుగు చక్రాల మీదా ఒకేసారి దిగింది. ప్రతిసారీ అలాగే దిగింది.

బండి తెచ్చి గన్ను పెట్టి చూశాను. అరవై ఎనిమిది.

"గాడీ తో మక్ఖన్ హై, దీదీ," అన్నారాయన. వెన్నలా పోతోందట. ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. అన్నయ్య రెండో పరుగుకు వచ్చి ఎక్కాడు. అన్ని నెలల్లో మొదటిసారి నేను బండిని కాకుండా అన్నయ్యను చూశాను. మిగతావాళ్ళు కళ్ళతో బండిని వెంబడిస్తున్నారు. మా వాడు మాత్రం బండి ఎడమ వైపు వెళ్ళగానే తలంతా అటు తిప్పుతున్నాడు. అప్పటికే బండి గాల్లో ఉంటోంది. ఒకసారి బ్రేకు, వెంటనే నిండా థ్రాటిల్, మళ్ళీ బ్రేకు. మోటారు ఎందుకు కాలుతోందో నాకు అర్థమైంది. ఇంట్లో ఎడమ పక్కన పెట్టిన టీ గ్లాసు వాడి చెయ్యి తగిలి రెండుసార్లు పడిపోవడం కూడా గుర్తొచ్చింది. కంటి విభాగంలో నేను రెండేళ్ళు పనిచేశాను. ఇలా తల తిప్పి చూసేవాళ్ళను ఎందరిని చూశానో లెక్కలేదు. పక్క చూపు పోయినవాడికి పోయిందని వెంటనే తెలియదు, అది మెల్లగా మూసుకుపోతుంది.

అన్నయ్య కిందికి దిగి, సర్దార్జీ నడిపితే వేడి ఎంత వచ్చిందని అడిగాడు. ఎవరో చెప్పినట్టున్నారు. ఆయన నెమ్మదిగా నడిపారు, అందుకే తక్కువ వచ్చిందని చెప్పాను. అబద్ధం నా నోట్లో అంత తేలిగ్గా ఎలా తిరిగిందో నాకే ఆశ్చర్యం.

ఆ వారం నేను ఎలా గడిపానో నాకే తెలియాలి. డ్యూటీలో ఫైళ్ళు సర్దాను, సర్దినవే మళ్ళీ సర్దాను. చెబితే వాడి చేతిలోంచి క్రేను పోతుంది. ఇద్దరు పిల్లల చదువులు, వదిన మొహం, చప్పుడు కాకుండా దించుతాడన్న పేరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకు వచ్చేవి. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. సోమవారం ఫోను తీశాను, పెట్టేశాను. బుధవారం వాళ్ళింటికి వెళ్ళి గుమ్మం దాకా మాట తెచ్చుకుని, లోపలికి వెళ్ళాక పచ్చడి జాడీ మూత గురించి మాట్లాడి వచ్చాను. శుక్రవారం ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బండి ముందు వేసుకుని, షాకర్లు విప్పి, బాగున్న నూనె పారబోసి కొత్త నూనె నింపాను. లోపం బండిలో లేదని తెలిసీ నింపాను. బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తుంటే కాసేపు ప్రాణం హాయిగా ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ట్రాక్‌కు వెళ్ళాం. అన్నయ్య బండి బల్ల మీద పెట్టి, ఈ వారం ఏం మార్చావని అడిగాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే. నూనె నంబరు నోటి చివరి దాకా వచ్చింది.

"బండిలో ఏం లేదన్నయ్యా," అన్నాను. "ఆ సర్దార్జీ నీకంటే జోరుగా నడిపాడు. అరవై ఎనిమిదే వచ్చింది."

వాడు నా వైపు చూడలేదు. చేతిలోని రిమోట్ బటను ఆన్ చేశాడు, ఆఫ్ చేశాడు. కోపం వస్తుందనుకున్నాను, అరుస్తాడనుకున్నాను. వాడు స్టూలు లాక్కుని నా ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు. నేను వాడికి ఎడమ పక్కనుంటే కనిపించనని అప్పుడు తెలిసింది.

"నాకు తెల్సే," అన్నాడు. "హోలీ ముందు నుంచీ తెల్సు. ఎడం పక్క సగం ఉండట్లేదు. నువ్వేమో వారం వారం ఏదోటి మారుస్తా ఉన్నావు. చెల్లికి ఇంత తెల్సు గదా, బండిదే గడ్‌బడ్ అయ్యుంటది, ఇంకో వారం చూద్దాంలే అనుకునేవాణ్ణి. నువ్వు మార్చినప్పుడల్లా నాకింకో వారం దొరికేది."

మచాన్ మీద నుంచి పేరు పిలిచారు. వాడు లేవలేదు. రెండోసారి పిలిచారు. నేనే వెళ్ళి రావట్లేదని చెప్పి వచ్చాను.

"రేపు క్రేను ఎక్కకు," అన్నాను.

"ఎక్కనులే."

సోమవారం పొద్దున్నే మా ఆసుపత్రిలో పరీక్ష చేయించాను. ఒక గిన్నె లాంటి యంత్రంలో తల ఆనించి కూర్చోవాలి. లోపల చిన్న చిన్న వెలుగులు వస్తాయి, కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. నేను చీకటి గదిలో వాడి వెనక నిలబడ్డాను. టిక్, టిక్ అని వినిపించేది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. యంత్రం మాత్రం తన పని తాను చేసుకుపోతున్నట్టు సన్నగా కదిలేది, అంటే వెలుగులు వస్తూనే ఉన్నాయి. వాడు మీట మీద వేలు పెట్టి, రాబోయే వెలుగు కోసం మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. ఆ గదిలో బిగించడానికీ వదులు చేయడానికీ నాకేమీ లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను, వాడికి వినపడకుండా.

నీటికాసులని, అంటే గ్లకోమా అని తేలింది. ఎడమ కన్ను చాలా వరకు పోయింది, కుడి కంటిలో కూడా మొదలైంది. పోయింది రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు వేసుకోవాలి. కాగితాలు తీసుకుని అన్నయ్యే స్వయంగా ఆఫీసుకు వెళ్ళి చూపించాడు. వాణ్ణి క్రేను మీద నుంచి దించి స్టోర్సులో వేశారు. జీతం తగ్గింది, వదిన ట్యూషన్లు మొదలుపెట్టింది, ఇల్లు ఎలాగో నడిచింది. అన్నయ్య నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనడానికి వాడికి మనసు రాదు, వాడూ దాచాడు కదా.

కానీ వాడి నెలలు వేరు, నా వారం వేరు. వాడికి అది అనుమానం, నాకు తెలిసిన రోగం. సోమవారం నుంచి శనివారం దాకా వాడు ఆరు షిఫ్టులు క్రేను ఎక్కాడు. ఆ ఆరు రోజులూ ఎవరో కూలీలు, ఎవరి అన్నలో తమ్ముళ్ళో, వేలాడే ఇనుము కింద అటూ ఇటూ నడిచారు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకుండా ఆపడానికి నేను చేసిందంటూ ఏమీ లేదు.