ఆత్మకూరులో తెగిన పాట

పోయిన ఆదివారం ఉదయగిరిలో మా చర్చిలో పాటలు పాడే క్వయిరంతా వరసల్లో నిలబడి ఉండగా కబురొచ్చింది, మా పాటల టీచరమ్మ చనిపోయిందని. నేను ముందు గోడ గడియారం వైపు చూశాను. ఇన్నేళ్లలో ఆమె క్వయిరుకి రాకపోవడం అదే మొదలు. ఇలాంటప్పుడు కూడా వేళాకోళమేనా అంటారేమో. ఆమె ఉంటే ముందు నవ్వేది, తర్వాత నా చెవి మెలిపెట్టేది.

ఆమెకొక అలవాటు. పై స్వరం అందుకునే ముందు పళ్ల సందున గాలి లాగేది, వేడి కాఫీ జుర్రినట్టు, 'స్స్' మని. వెనక వరసలోంచి నేను అదే శబ్దం చేస్తే ముందు వరస ఆడపిల్లలు పాట మరిచి నవ్వేవాళ్లు.

"నవ్వండే, నవ్వండి. ఊపిరి పీల్చకుండా పాడేవాళ్లని నేనైతే చూళ్లేదు" అనేది.

ఆమె టీచర్ ట్రైనింగు మద్రాసులో. అరవైల్లో కుర్రకారుని ఊపేసిన ఒక పాప్ గాయని రికార్డింగులో హమ్మింగ్‌కి నలుగురమ్మాయిలు కావాల్సొస్తే, వాళ్ల హాస్టల్ నుంచి పిలుచుకుపోయారట. ఆ నలుగురిలో తనొకతె. రికార్డు అట్ట మీద పేరు లేదు, ఇంట్లో రికార్డూ లేదు. కాబట్టి ఊళ్లో నమ్మినవాళ్లూ లేరు. నేనసలే నమ్మలేదు. బీఎస్సీ చదివాను కదా, రుజువు కావాలి.

నిరుడు ఆ గాయని పాత పాటలు ఏరి ఒక క్యాసెట్టుగా తెచ్చారు. పేపర్లో చూసి టీచరమ్మ మా ఇంటికే వచ్చింది.

"ఒరే, ఆఖరి పాట అదే. చివర్లో హమ్మింగ్ ఉండాది చూడు, మొదలుపెట్టేది నేనే. తెచ్చిపెట్టరా, మీ అందరికీ వినిపిస్తా."

నెల్లూరు దాకా పోవడానికి బద్ధకించి ఆత్మకూరులోనే బస్సు దిగాను. అక్కడి రికార్డింగ్ సెంటర్లో అసలుది ఒక్కటే ఉంది. అమ్మరు, కాపీ చేసిస్తారు.

"అరవై నిమిషాల టేపు చాలదన్నా, తొంభైది తీసుకో" అన్నాడు షాపతను.

"చాల్లే, ఎక్కించు" అన్నాను.

ఆమె ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాం. ఆఖరి పాట మొదలవగానే, ఎవరో ఫొటో తీస్తున్నట్టు ఆమె పైట సర్దుకుంది. చరణాలు అయ్యాయి. పల్లవి మళ్లీ వచ్చింది. సగంలో బటన్ టక్కుమని పైకి లేచింది. టేపు అయిపోయింది.

"ఏంది టీచరమ్మా, సరిగ్గా మీ వంతుకే తెగిందే!" అన్నాను. గొప్ప జోకనుకున్నాను.

ఆమె క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టింది. "నువ్వు నమ్మకపోతే ఏంలేరా, పాడినాను గదా. నెల్లూరు పోయినప్పుడు అసలుది తీసుకురా."

తర్వాత నాలుగుసార్లు నెల్లూరు పోయాను. నాలుగుసార్లూ సినిమాకే.

ఆమెను మట్టి చేసిన మర్నాడు నెల్లూరు పోయి అసలుది కొన్నాను. సాయంత్రం ఆమె ఇంట్లో ప్రార్థన అయ్యాక, క్వయిరువాళ్లం చాప మీద కూర్చుని ఉంటే, ఆఖరి పాట పెట్టాను. పల్లవి పూర్తయింది. వాయిద్యాలు ఆగాయి. హమ్మింగ్ ఇంకా మొదలు కాలేదు. దానికి ముందు, వేడి కాఫీ జుర్రినట్టు, 'స్స్' మని.

ఎవరూ నవ్వలేదు. ముందు వరస ఆడపిల్లలు మాత్రం, పాట అందుకోమని టీచరమ్మ చెయ్యెత్తినట్టే, గుండెనిండా ఊపిరి పీల్చి ఆపుకుని కూర్చున్నారు.