వెడల్పైన రాముడు

నా మొదటి లాప్‌టాప్ ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా వచ్చింది. అలా కొంటే కాస్త చవక. నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని, రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. ఇంకొకరి చేత సాఫ్ట్‌వేర్ వేయించుకోవడం నామోషీ అనిపించి, ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కించాను. అన్నీ పనిచేశాయి. తెర ఒక్కటే మొండికేసింది. దాని అసలు కొలత పన్నెండు వందల ఎనభై బై ఎనిమిది వందలు. లినక్స్ మాత్రం ఎనిమిది వందలు బై ఆరు వందలకు మించి ఇవ్వనంది. ఆ చిన్న బొమ్మనే పట్టి లాగి తెరంతా పరిచేది. దాంతో ప్రతిదీ అడ్డంగా సాగి, గడియారం బొమ్మ కూడా కోడిగుడ్డు లాగా ఉండేది. పని జరుగుతోంది కదా అని నేను పట్టించుకోలేదు.

మా నాయన శిల్పి. ఆళ్లగడ్డలో మా వాళ్లందరిదీ రాతి పనే. ఇంటి పక్కనే రేకుల పాక, అందులో పొద్దుటి నుంచి ఉలి చప్పుడు. ఆ చప్పుడు ఆగితే మాకు ఏదో తేడాగా ఉండేది. బండి ఆత్మకూరు దిక్కున ఒక పల్లెకు నాయన అంతకు రెండేళ్ల ముందు కోదండరాముణ్ణి చెక్కి ఇచ్చాడు. బండిలోకి ఎక్కించే ముందు స్టూడియో అతను ఫోటోలు తీసి సీడీలో వేసి ఇచ్చాడు. ఆ సీడీ బీరువాలోనే ఉండిపోయింది. ఒక ఆదివారం నేనే దాన్ని వెతికి తీసి, నాయనను పిలిచి, లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను.

నాయన ముందు నవ్వు ముఖంతోనే కూర్చున్నాడు. తర్వాత ముందుకు వంగాడు.

"ఇదేందమ్మా, రాముడు ఇంత పొట్టిగ ఉండాడు?"

"తెర అట్ల చూపిస్తాంది నాయనా. అడ్డంగ సాగదీస్తాంది."

"సాగదీస్తే అక్షరాలు గూడ సాగల్ల గదా? అవి బాగనే ఉండాయే."

అక్షరాలూ సాగాయి, మనకు తెలియడం లేదంతే అని చెప్పాను. వినలేదు. రాముడి భుజాలు, నడుము, తొడలు వేలితో చూపించుకుంటూ పోయాడు. అన్నీ లావే. చివరికి "నా చెయ్యి తప్పింది" అని లేచిపోయాడు.

ఇంకొకరి ఇంట్లో అయితే ఇది నవ్వుకునే సంగతి. మా ఇంట్లో కాదు. ముఖాన్ని ఒక కొలతగా తీసుకుని, దాని లెక్కలోనే ఒళ్లంతా చెక్కుతారు మావాళ్లు. ఆ కొలత తప్పిన విగ్రహాన్ని గుడిలో నిలబెడితే ఊరికి కీడని నమ్ముతారు. ఆ పల్లెలో ఆ రెండేళ్లలో బోర్లు ఎండిపోయాయి, శనగ పంట పోయింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ అదే పరిస్థితి. కానీ నాయనకు ఆ ఊరొక్కటే కనబడింది. ఆ ఊరిని తానే చెడగొట్టానని ఆయన మనసులో పడిపోయింది.

అప్పుడు పాకలో చాగలమర్రి ఊరివాళ్లు చేయించుకుంటున్న అమ్మవారు సగం పనిలో ఉంది, ముఖం ఇంకా మొదలుపెట్టలేదు. నాయన ఆ రాయి మీద గోనెసంచి కప్పేసి ఇంట్లో కూర్చున్నాడు. వాళ్లు మనిషిని పంపిస్తే "ఒంట్లో బాగలేదప్పా, ఇంకొకర్ని చూసుకోండి" అన్నాడు. ఆ మాట విని నాకు భయమేసింది. ఉలి వదిలేస్తే నాయన బతకడని నాకు తెలుసు.

గుడికే పోయి చూసి రమ్మంది అమ్మ. పోయి ఏం లాభం? ప్రతిష్ఠ అయ్యాక చెక్కినవాడు కూడా గర్భగుడి గడప బయటే నిలబడాలి. లోపల పంచె, దండల మధ్య దేవుడి ముఖం తప్ప ఏదీ కనబడదు. నేను నంద్యాలలో ఆ ఫోటో ప్రింటు తీయించి తెచ్చాను. అందులో రాముడు చక్కగా ఉన్నాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"స్టూడియోవాళ్లు నల్లటి పెండ్లికూతుర్ని తెల్లగ చేస్తారు. రాముణ్ణి సన్నగ చేసేది వాళ్లకొక లెక్కా? నీ పెట్టెకు అబద్ధం చెప్పే పనేముంది?"

నాకు ఒళ్లు మండింది. అబద్ధం చెబుతున్నది ఆ పెట్టే! దానికి పోయి ఈయన సర్టిఫికెట్ ఇస్తున్నాడు. సరే, దాని సంగతే చూద్దామనుకున్నాను.

సెంటర్‌లో క్లాసులు అయ్యాక నెట్ ముందు కూర్చుని వెతికాను. నా లాప్‌టాప్‌లో ఉన్న గ్రాఫిక్స్ చిప్పుకు లినక్స్‌లో సరైన డ్రైవర్, అంటే ఆ చిప్పును నడిపే ప్రోగ్రాం, లేదు, అందుకే ఈ తంటా. ఎక్కడో ఎవరో పుణ్యాత్ముడు ఒక డ్రైవర్ తయారుచేసి పెట్టాడు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికొచ్చి ఎక్కించాను. తెర సెట్టింగులు ఉండే ఫైలు తెరిచి కొత్త డ్రైవర్ పేరు, తెర అసలు కొలత రాసి, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. తెర మొత్తం నల్లబడింది. మూలన ఒక తెల్ల గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది.

నాయన తొంగిచూసి "అది గూడ చచ్చిపోయిందా?" అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు, అలవాటైపోయినట్టు ఉంది. నాకు ఏడుపొచ్చింది.

పాత ఫైలుకు ముందే ఒక నకలు తీసి ఉంచడంతో దాన్ని మళ్లీ పెట్టి బయటపడ్డాను. మర్నాడు నెట్‌లో మళ్లీ చదివితే తెలిసింది, ఆ డ్రైవర్‌లోనే నా లినక్స్‌కు సరిపోయే రకం వేరే ఉందట. దాన్ని తెచ్చి ఎక్కించాను. ఈసారి తెర వెలిగింది. గడియారం గుండ్రంగా ఉంది! ఎగిరి గంతేసి నాయనను లాక్కొచ్చి రాముణ్ణి చూపించాను. నిటారుగా, సన్నటి నడుముతో, కోదండం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాయన మొహం చిట్లించాడు.

"అప్పుడు పొట్టిగ ఉండె. ఇప్పుడు నువ్వు సన్నగ చేసినావ్. రెండిట్లో ఏది నిజమో నాకెట్ల తెలుస్తాది?"

ఇన్ని రోజుల పాటు తల పగలగొట్టుకుని సరిచేస్తే, సరిచేయడమే నేరమైంది. పళ్లు కొరుక్కుంటూ లాప్‌టాప్‌కు ఉన్న చిన్న కెమెరాను ఆన్ చేసి, వాకిట్లో చాటతో కందిబేడలు చెరుగుతున్న అమ్మ వైపు తిప్పాను. తెర మీద అమ్మ ఉన్నది ఉన్నట్టు కనబడింది.

"ఈయమ్మ ఎవరో తెలుసునా నాయనా?"

నాయన అమ్మను చూశాడు, తెరను చూశాడు. అప్పుడు నేను తెర కొలతను మళ్లీ పాత ఎనిమిది వందలు బై ఆరు వందలకు మార్చాను. అమ్మ బుగ్గలు ఒక్కసారిగా రెండువైపులా ఉబ్బాయి. మెడ మాయమైంది.

అమ్మ లేచొచ్చి చూసి "ఏమే, నేనింత లావుండానా? తీసెయ్ దాన్ని!" అని నా నెత్తిన ఒకటి మొట్టింది. నాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో వినబడి చాలా రోజులైంది. నేను పాత కొలతా కొత్త కొలతా మార్చి మార్చి చూపిస్తుంటే, ఆయన ఒకసారి తెరనూ ఒకసారి అమ్మనూ చూశాడు. ఎవరూ సన్నగా చేయని అమ్మ ఎదురుగానే నిలబడి తిడుతోంది. నవ్వు మెల్లగా తగ్గింది.

"సరైన దాంట్లో పెట్టు. రాముణ్ణి పెట్టు."

పెట్టాను. నాయన తెరకు దగ్గరగా జరిగి, ముఖం నుంచి పాదాల దాకా చూపుడువేలూ బొటనవేలూ చాపి మెల్లగా కొలుచుకుంటూ వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. పాదాల దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"ఆ ఊరు నా వల్ల చెడలేదమ్మా" అన్నాడు.

అని, నా ముందే ఏడ్చాడు. ఏం చేయాలో తెలియక నేను ఆయన భుజం పట్టుకున్నాను. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని పాకలోకి పోయి, రాయి మీది గోనెసంచి తీసేసింది.