కనపడని పాస్‌వర్డ్

ఏదైనా అర్థం కాకపోతే అచ్చిబాబు గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు. ఈ రోజు పొద్దుటి నుంచీ తుడుస్తూనే ఉన్నారు. మండపేటలో ముప్ఫై ఏళ్ళుగా ఆయన తీసిన పెళ్ళిఫొటోలన్నీ ఉన్న డిస్కు ఈమధ్య టకటకమంటోంది. అది పోయేలోగా స్టూడియోలోని పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, దాన్నే ఇంటి సర్వర్‌గా చేసి, ఫొటోలన్నీ అందులోకి మార్చాలని ఆయన తాపత్రయం. కంప్యూటర్ పెట్టెకు కుంకుమబొట్టు పెట్టి మరీ ఎక్కించారు. నల్లటి తెర పాస్‌వర్డ్ అడిగింది. కొట్టారు. తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు బోర్లించి దులిపారు. ఇంకోటి తగిలించారు. పక్క జిరాక్సు షాపువాళ్ళది అడిగి తెచ్చారు. రెండక్షరాలు కొట్టడం, తలెత్తి చూడటం, ఏమీ పడలేదని వదిలేసి మళ్ళీ మొదలెట్టడం.

"మూడూ ఒకేసారి పాడైపోతాయా ఏంటి?" అన్నారు, టీ తెచ్చిన భార్య నాగదుర్గతో.

ఆవిడ టీ బల్ల మీద పెట్టింది. "రీళ్ళ రోజుల్లో చీకటిగదిలో ఫిల్ము కడిగేవారు కదండీ, అప్పుడు మాత్రం ఏం కనపడేదని? చేతులకే తెలిసేది" అంది.

అచ్చిబాబు గారు కళ్ళజోడు పక్కన పెట్టారు. కళ్ళు మూసుకుని, ఆగకుండా చివరిదాకా కొట్టి ఎంటర్ నొక్కారు. కళ్ళు తెరిచేసరికి తెర మీద ఆయన పేరుతో స్వాగతం! కనపడకపోయినా అక్షరాలు లోపలికి పోతూనే ఉన్నాయన్నమాట. దాని కింద ఓ చిన్న గీత, ఏమీ అడగకుండా మిణుకుమిణుకుమంటూ నిలబడింది. ఇప్పుడేం కొట్టాలో తెలియక ఆయన మళ్ళీ కళ్ళజోడు అందుకుని చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టారు.

"దుర్గా, ఇప్పుడు మళ్ళీ కళ్ళు ముయ్యాలంటావా?"