సుగుణ కుండలోంచి ఇరవై ఏడు పిడికిళ్ళు

1974 జూన్ 9వ తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సహోదరులారా, సహోదరీలారా, నా చీకటి కాలం సరిగ్గా ఆ నిమిషాన మొదలైంది! ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, నేను ముప్పై ఏళ్ళు చిన్న పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని, డైరీ రాయకుండా ఒక్క రోజూ పడుకోలేదు, ఆ డైరీలన్నీ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఆ ఉదయం ఆరాధనకు పోవడానికి అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే ఎడమ చెంప మీద చింతగింజంత గోధుమరంగు మచ్చ కనబడింది. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. సబ్బుతో కడిగాను, పోలేదు. అప్పుడే నా భుజం పక్క నుంచి అదే అద్దంలోకి ఇంకో ముఖం వంగింది, అది మా మరిది భార్య సుగుణది, పెళ్ళై మా ఇంటికి వచ్చి అప్పటికి ఇరవై నాలుగు రోజులు. ఆ ముఖం మీద ఒక్క చుక్క లేదు, ఒక్క మొటిమ లేదు, కడిగిన పళ్ళెంలా ఉంది! "అక్కా, జర జరుగవా, నేను గూడ బొట్టు సూసుకుంట" అని నవ్వింది. పాపం, ఆ పిల్ల ఇంకా బొట్టు మానలేదు, మా అత్తమ్మ అప్పటికే రెండుసార్లు చెప్పింది. నేను జరిగాను. కానీ నా మనసు జరగలేదు, దేవుడు నన్ను క్షమించును గాక.

మాది కాశిబుగ్గ. మా ఆయన, మా మరిది ఇద్దరూ రైల్వే ఉద్యోగులు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఆ పొయ్యి మీద పెత్తనం మా అత్తమ్మది. ఆమె భక్తిపరురాలే కానీ నోరు ఊరుకునేది కాదు. వచ్చిన వాళ్ళకు మమ్మల్ని చూపించి, "మా పెద్ద కోడలికి లెక్క మంచిగొస్తది, చిన్న కోడలికి మొకం మంచిగొచ్చింది" అని నవ్వేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, ఇంటి వెనక్కి పోయి ఏడ్చేదాన్ని.

ఆ సంవత్సరం క్రిస్మస్ నాటికి మచ్చ రెండు చెంపలకూ, ముక్కు మీదికీ పాకింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "ఇది మంగు. ఎండకు ముదురుతది. బడికి పోయేటప్పుడు గొడుగు పట్టుకోండి, ఇంట్ల దొరికినవన్ని పుయ్యకండి" అన్నది. మంచి మాటే! కానీ సుగుణ మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా బజారుకు పోయి వచ్చేది, ఆమెకు లేని గొడుగు నాకెందుకని నేను పట్టుకోలేదు. నా బుద్ధి అలా ఉండేది. ఇక ఇంటి మందులు మొదలుపెట్టాను. పాలమీగడలో పసుపు, నలభై రోజులు. జాజికాయ పాలతో సానరాయి మీద అరగదీసిన గంధం, ఇరవై ఒక్క రోజులు. ఎర్రచందనం, ముల్తానీ మట్టి, ఆలుగడ్డ రసం, కలబంద గుజ్జు, బొప్పాయి తొక్క. నిమ్మరసం పూసుకొని ఎండలో బడికి పోయిన రోజున కుడి చెంప కాలి బొబ్బలెక్కింది, ఆ మరక మంగు కంటే నల్లగా మిగిలింది. ప్రతి మందుకూ డైరీలో మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాసి, చివర "గుణం లేదు" అని రాసుకున్నాను. ఒకనాడు నల్లబల్ల మీద రాస్తుంటే వెనక నా తరగతి ఆడపిల్లలు, "టీచర్ మొకం మీద ఇండియా మ్యాప్ ఉన్నదే, గదో గా ముక్కు కాడ శ్రీలంక" అని గుసగుసలాడుకున్నారు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, సుగుణ తన ముఖాన్ని బట్టల సబ్బు ముక్కతో కడుక్కునేది! బట్టల సబ్బు, సహోదరీలారా! నేను గంట సేపు గంధం అరగదీసుకుంటుంటే ఆమె బట్టలు ఉతికి, అదే చేత్తో ముఖం రుద్దుకొని, మెరుస్తూ లోపలికి వచ్చేది. నేను మోకరించి "ప్రభువా, నా మచ్చ తీసెయ్" అని మొదలుపెట్టి, ఏ తోవన పోయేదాన్నో గాని, "ఆమెకు ఒక్కటైనా పెట్టు" అనే చోటికి వచ్చేదాన్ని. అది ప్రార్థన కాదు, దాని పేరు నాకు అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మా సంఘంలో పిడికెడు బియ్యం అలవాటు ఉంది. పూటపూటా అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తాము. మా ఇంట్లో అత్తమ్మ కోడళ్ళిద్దరికీ చెరొక కుండ పెట్టింది. కోత పండుగకు ముందు ముప్పై రోజులు ప్రత్యేకం, ఆ కుండలను పండుగనాడు చర్చికి తెస్తే సంఘపెద్ద అందరి ముందూ సోలతో కొలిచి పేరు చదివేవాడు. తొమ్మిది పిడికిళ్ళకు ఒక సోల. రోజుకు రెండు పూటలు, పూటకొకటి చొప్పున ముప్పై రోజులకు అరవై పిడికిళ్ళు, అంటే కాస్త అటూ ఇటూగా ఆరున్నర సోలలు.

1976 అక్టోబరులో పక్కింటి మగ్గాల వాళ్ళ ముసలమ్మ లచ్చవ్వ నన్ను పిలిచి, "టీచరమ్మా, నీ మొకం సూస్తే నాకే పానం ఉసూరుమంటాంది. ఒక మందు జెప్త. మచ్చలేని ఆడిదాని సేతి బియ్యం ఒక పిడికెడు, అడగకుండ తేవాలె. అడిగితే పనిజెయ్యది. పుల్లటి సల్లల నానబెట్టి నూరి పూయి, ఇరవయ్యొక్క దినాలు" అన్నది. నేను చదువుకున్న దాన్ని, బాప్తిస్మం పొందిన దాన్ని, అయినా ఆ మాట నా చెవిలో తియ్యగా దిగింది. మచ్చలేని చేతి బియ్యం మా వంటింట్లో ఎక్కడుంది? సుగుణ కుండలో ఉంది. అది దేవుని బియ్యం అని నాకు తెలుసు. దేవుని బియ్యమైతే మందు ఇంకా బాగా పనిచేస్తుందని కూడా అనుకున్నాను, చూడండి నా తెలివి!

అక్టోబరు 18న మొదటి పిడికెడు తీశాను. నవంబరు 7 వరకు ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క పిడికిళ్ళు. అవి మందుకు. కానీ నేను తీసినవి ఇరవై ఏడు. ఆ మిగతా ఆరు పిడికిళ్ళు దేనికి? దేనికీ కాదు! ఆమె చుట్టూ ఎవరో ఒకరు చేరి "ఎంత సక్కగున్నవే" అన్న రోజుల్లో తీసి పెరట్లో కోళ్ళకు చల్లినవి. డైరీలో ప్రతి పిడికెడుకూ ఒక గీత గీశాను, దొంగతనానికి కూడా లెక్క రాసిన దాన్ని నేనే అయి ఉంటాను.

నవంబరు 14, ఆదివారం, కోత పండుగ. చర్చి అంతా వరి కంకులు, గుమ్మడికాయలు, కట్టేసిన కోళ్ళు. సంఘపెద్ద కొలిచి చదివాడు: "రూతమ్మ, ఆరున్నర సోలలు." అది నాది. తర్వాత సుగుణ కుండ కొలిచాడు, సోల అడుగున గీకిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. "సుగుణమ్మ, మూడున్నర." ఆడవాళ్ళ వరసలో గుసగుస లేచింది. అత్తమ్మ అక్కడికక్కడే, "దేవుని పిడికెట్ల గూడ దొంగతనమానే? నీ మొకానికి ఉన్న సక్కదనం నీ సేతికి లేదా?" అన్నది. సుగుణ ముఖం తెల్లబోయింది. "పూటపూటకు ఏసిన అత్తమ్మా, యేసయ్య తోడు!" అన్నది. "ఒట్లు గూడ నేర్సినవా?" అన్నది అత్తమ్మ. సుగుణ నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు సూసినవ్ గదా, నువ్వన్న జెప్పు" అన్నది. సహోదరులారా, ఒక్క మాట చాలు. నేను ఆ ఒక్క మాట చెప్పలేదు. తల దించుకొని నా ఖాళీ కుండను కొంగుతో తుడుచుకుంటూ నిలబడ్డాను, లోపల ఎక్కడో, ఈ రోజు మచ్చ ఎవరికి పడింది అని ఒక పాము పడగ ఎత్తి ఆడుతూ ఉంది.

1977 జనవరిలో మరిది డోర్నకల్‌కు బదిలీ పెట్టుకొని వెళ్ళిపోయాడు. సుగుణ పోతూ నాకు చెప్పలేదు. ఇక ఆ అద్దం మొత్తం నాదే, కానీ అందులో మంగు అలాగే ఉంది! తర్వాత కూడా మందులు వాడుతూనే పోయాను, మొత్తం పందొమ్మిది. అప్పటినుంచి ఎవరి ముఖం చూసినా లోపల మండేది, పెళ్ళికూతుళ్ళను చూసినా, పసిపిల్లలను చూసినా. 1981 మార్చి 3, మంగళవారం, మా అత్తమ్మ ప్రభువునందు నిద్రించింది. పోయే ముందు కూడా, "చిన్నది మంచిదే గని దేవుని బియ్యంల సెయ్యి వెట్టింది" అన్నది. నేను ఆమె నోట్లో నీళ్ళు పోస్తున్నాను. అప్పుడూ చెప్పలేదు.

1985లో సంఘంవారు, "రూతమ్మ టీచరు కచ్చితమైన మనిషి" అని బియ్యం కొలిచే పని నాకే అప్పగించారు. నవంబరు 10, ఆదివారం, కోత పండుగ. పది కుండలు కొలిచాను, గట్టిగా చదివాను. పదకొండోది ఎస్తేరు అనే కూలి చేసుకునే చిన్నదాని కుండ, ఒకటిన్నర సోల. వెనక నుంచి ఎవరో, "దేవుని పిడికెట్ల గూడనా" అన్నారు. అదే మాట! అదే చోటు! ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. తన ఇంట్లో పొయ్యి వెలగని పూటలు ఎన్నో ఎవరికి తెలుసు? సోల కింద పెట్టి, పాస్టరుగారితో "అయ్యగారూ, దీన్ని కొలిచే అర్హత నాకు లేదు" అని బయటికి నడిచాను. ఇంటికి పోయి, తలుపు వేసుకొని, పట్టపగలు నేల మీద బోర్ల పడ్డాను.

"ప్రభువా, పదకొండేళ్ళు నా ముఖం మీది మచ్చ తియ్యమని నిన్ను విసిగించాను. నా చేతి మీది మచ్చ ఒక్కసారి కూడా చూపించలేదు. నీ బియ్యం తీసింది నేను. నా చెల్లెలి పేరు తీసింది నేను. నా ముఖం ఎట్లున్నా ఉండనీ, నన్ను ఈ మంట నుంచి విడిపించు తండ్రీ!"

అలా ఏడ్చి ఏడ్చి లేచేసరికి ఏం చెయ్యాలో తెలిసిపోయింది. దేవునికే మహిమ!

నవంబరు 16, శనివారం, ఇరవై ఏడు పిడికిళ్ళు లెక్కపెట్టి సంచిలో పోసుకొని, ప్యాసింజర్ బండిలో డోర్నకల్ పోయాను. రైల్వే క్వార్టర్ తలుపు తీసింది సుగుణ. సహోదరులారా, ఆమె రెండు చెంపల మీదా మంగు! మూడో కాన్పు తర్వాత వచ్చిందట. దేవుని ఎదుట అబద్ధం ఆడను, మొదట నాకు సంతోషం కలిగింది. క్షమాపణ అడగడానికి పోయిన మనిషికి గుమ్మంలో సంతోషం కలిగింది! ఆ సంతోషాన్ని చూసి నాకే భయం వేసింది, నాలో ఏముందో అప్పుడు పూర్తిగా చూశాను.

"రా అక్కా. ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అన్నది. కూర్చోకుండానే సంచి ఆమె ముందు పెట్టి అంతా చెప్పాను, లచ్చవ్వ మాట, ఇరవై ఒకటి, ఆ మీది ఆరు, కోళ్ళు, అన్నీ. ఆమె చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"అడిగితే ఇస్తుంటి గదక్కా. కుండకు కుండ ఇస్తుంటి" అన్నది. తర్వాత గొంతు మారింది. "అత్తమ్మ సచ్చేదాంక నన్ను దొంగనే అన్నది. మట్టి ఏసేనాడు గూడ నువ్వు నా పక్కకే నిలవడ్డవ్. తొమ్మిదేండ్లక్కా!"

"తొమ్మిదేళ్ళ రెండు రోజులు సుగుణా" అన్నాను, నా నోరు అలవాటు కొద్దీ.

"లెక్క మాత్రం తప్పవు!" అని చాట కింద పడేసింది. ఏడుస్తూనే సంచి నా వైపు నెట్టింది. "గీ బియ్యం నాకెందుకు? దేవునియి. తీస్కపోయి నా పేరు మీద కొలువు. అందరు ఇనేటట్టు కొలువు. అత్తమ్మ లేని చర్చిల జెప్తె ఏం ఫాయిదా గని, అయినా జెప్పు."

నేను లేచి గడప దాటుతుంటే, "అక్కా, జర ఆగు" అన్నది. చెంప తడుముకుంటూ, "గీ మచ్చలకు నువ్వు ఏమేం పూసినవ్? ఏదన్న పని జేసిందా?"

నా చేతిసంచిలోంచి పాత డైరీలు తీసి చదివాను. పందొమ్మిదికీ చివర అదే మాట.

"పందొమ్మిదిట్ల ఒక్కటి గూడనా?"

"ఒక్కటి కూడా లేదు. గొడుగు పట్టుకో."

ఆమెకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. అంతమాత్రాన అన్నీ సరి అయిపోయాయని చెప్పను. ఆ రోజు ఆమె నన్ను అన్నానికి ఉండమనలేదు.

నవంబరు 24, ఆదివారం, సంఘమంతటి ఎదుట నిలబడి దాచకుండా చెప్పాను, నా చేత్తోనే మూడు సోలలు కొలిచి, "1976వ సంవత్సరం, సుగుణమ్మ, ఆరున్నర సోలలు" అని చదివాను. చివరి వరసలో సుగుణ కూర్చొని ఉంది, నాకు చెప్పకుండానే పొద్దున బండికి వచ్చింది. ఆమె ముఖం చూశాను. పదకొండేళ్ళలో మొదటిసారి, ఆ ముఖాన్ని నా ముఖంతో కొలవకుండా చూశాను! ఆ మంట పోయింది, మళ్ళీ రాలేదు. నా మచ్చలు మాత్రం పోలేదు, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో ఇప్పటికీ ఉన్నాయి, నేను వాటి కోసం ప్రార్థించడం మానేశాను. ఎస్తేరు ఇంటికి ఆ సంవత్సరం నుంచి నా కుండలోంచి బియ్యం పోతున్నాయి, అడిగి కాదు, ఆమె అడగకుండానే.

నన్ను నా నుంచి విడిపించిన దేవునికి వందనాలు! ఇది చదువుతున్న సహోదరీ, నీ అద్దంలో నీ పక్కన ఇంకో ముఖం కనబడి నీ గుండె మండుతుంటే, ఏ గంధం అరగదీయకు, ఆయన దగ్గరికి రా, దాచిపెట్టింది ముందు చెప్పు, ఆయన నిన్ను తోసివేయడు. కానీ ఆలస్యం చెయ్యకు. ఆలస్యానికి నాకు పోయినవి ఇవి:

పదకొండు సంవత్సరాల ఐదు నెలల పదిహేను రోజులు. మందులు పందొమ్మిది. సుగుణ మంచి పేరు, తొమ్మిదేళ్ళు, ఆలస్యంగా తిరిగి వచ్చింది. బియ్యం ఇరవై ఏడు పిడికిళ్ళు, తిరిగి కొలిచాను. అత్తమ్మకు చెప్పవలసిన మాట ఒకటి, తిరిగి రాలేదు.