తెర వెనక నుంచి చెప్పిన ‘నిల్’

1986 నవంబరు 13, గురువారం. తెనాలిలో పన్నెండు పడకల నర్సింగ్ హోమ్‌లో నేను హెడ్ నర్సుని. అప్పటికి నా సర్వీసు పదిహేడేళ్ళు. మా డాక్టరుగారు సర్జన్. గురువారం మధ్యాహ్నం బాపట్ల, శనివారం మధ్యాహ్నం రేపల్లె వెళ్ళి అక్కడి పేషెంట్లను చూసేవారు. ఆ రెండు రోజులూ ఓపీ, అంటే బయటి రోగులను చూడటం, పన్నెండింటికల్లా ముగిసిపోవాలి.

రొమ్ము పరీక్షకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. గదిలో ఒక మూల ఆకుపచ్చ తెర. తెర వెనక బల్ల మీద పేషెంటు, పక్కన నేను. తెర ఇవతల డాక్టరుగారు, ఆయనకెదురుగా పేషెంటు వెంట వచ్చిన పెద్దవాళ్ళు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి చాలామంది ఒప్పుకునేవాళ్ళు కాదు. అందుకని నేనే చేత్తో తడిమి, గడ్డ ఎక్కడుందో, ఎంతుందో పైకి చెప్పేదాన్ని. ఆయన ప్రశ్నలకు పేషెంటు జవాబులూ నా గొంతుతోనే ఆయనకు చేరేవి. ఆయన కేస్ షీటులో రాసుకునేవారు. నిమ్మకాయంత, రేగిపండంత అనడం నాకు నచ్చదు. కుట్టుపని టేపు జేబులో పెట్టుకుని సెంటీమీటర్లలో చెప్పేదాన్ని.

ఆ రోజు వచ్చినామె పేరు సుజాత. వేమూరు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. ఇరవై తొమ్మిదేళ్ళు. పద్నాలుగు నెలల పిల్లవాడికి ఇంకా పాలిస్తోంది. వెంట వచ్చిన అత్తగారు కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

“పాలగడ్డేనండి డాక్టరుగారూ. పళ్ళొచ్చిన వెధవకి ఇంకా పాలేంటే అంటే వినదు. కొరికి పెడుతున్నాడు.”

“చూడనివ్వండమ్మా.”

“మీరు చూసేదేముందండీ, చూసేది నర్సమ్మ కదా!”

అందరం నవ్వాం. తెర వెనక సుజాత కూడా నవ్వింది.

ఎడమ రొమ్ము, పైభాగం, చంక వైపు. రెండు సెంటీమీటర్లు. గట్టిగా ఉంది, నొప్పి లేదు. అదే చెప్పాను.

“ఫ్యామిలీ హిస్టరీ, సిస్టర్?” అన్నారు డాక్టరుగారు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని.

నేను ఆ మాట తెలుగులో అడగగానే సుజాత నా మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

“మా అమ్మ దీంతోనే పోయిందక్కా, ముప్పై ఎనిమిదేళ్ళకి,” అంది గుసగుసగా. “సంబంధం చూసేటప్పుడు పచ్చకామెర్లని చెప్పారు మా నాన్న. అత్తయ్యకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? చెప్పనని ఒట్టెయ్యండి.”

మేం క్రైస్తవులం, ఒట్లు పెట్టుకోం. తల ఊపాను. నా దగ్గర చెప్పిన మాట బయటికి పోదని ఊళ్ళో నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు గర్వం.

“సిస్టర్?”

“నిల్ అండి,” అన్నాను. ఏమీ లేదని.

“వాళ్ళలో ఎవరికీ లేదు, అంతేనా అమ్మా?” అని ఆయన అత్తగారినీ అడిగారు. ఆవిడ వెంటనే పలకలేదు. కాస్త ఆగి, “అంతేనండి” అంది. ఆ ఆగడం తెర వెనక నాకు తెలిసింది. పట్టించుకోలేదు.

“వయసు చిన్నది, పాలిస్తోంది, వాళ్ళలో ఎవరికీ లేదు. పాలు మాన్పించి ఈ మందులు వాడండి. మూడు నెలలకు రండి. తగ్గకపోతే బయాప్సీ చేయిద్దాం,” అన్నారు డాక్టరుగారు. బయాప్సీ అంటే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపడం. అప్పట్లో మేం గుంటూరు పంపేవాళ్ళం.

పన్నెండూ పదికి ఆయన బాపట్ల బండికి వెళ్ళిపోయారు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఓపీలో డెబ్బై మంది. ఆ మర్నాడు రేపల్లె. తరవాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని జంకాను. మూడు నెలలకు ఎలాగూ వస్తుందిలే అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. వీటిలో ఒక్కటి కూడా కారణం కాదు.

మూడు నెలలకు రాలేదు. ఇంట్లో మినుము పీకుళ్ళు. 1987 మార్చి 21న వచ్చింది. మధ్యలో నూట ఇరవై ఎనిమిది రోజులు. గడ్డ అయిదు సెంటీమీటర్లు, చంకలో మరో రెండు చిన్నవి.

డాక్టరుగారు తెర పక్కకు లాగి స్వయంగా చూశారు. చేతులు కడుక్కుని వచ్చి, “మీ అమ్మగారికి ఎప్పుడైనా ఇలాంటి గడ్డ వచ్చిందామ్మా?” అని సూటిగా అడిగారు. సుజాత నా వైపు చూసింది. నేనే చెప్పాను.

ఆయన కేస్ షీటు వెనక్కి తిప్పారు. “ఆ రోజు నిల్ అన్నారు మీరు. ఇది తెలిసుంటే మర్నాడే గుంటూరు పంపేవాణ్ణి.” కేకలేయలేదు. వేసినా బాగుండేది.

“పెళ్ళప్పుడు దాచాం అత్తయ్యా,” అంది సుజాత తల వంచుకుని.

“ఏం దాచారే! మీ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పెళ్ళికి ముందే తెలుసు నాకు. తల్లి లేని పిల్లవి, డాక్టరు ముందు ఆ మాట ఎత్తితే నొచ్చుకుంటావని నేనూ ఊరుకున్నానే పిచ్చిమొహమా,” అంటూ ఆవిడ కోడల్ని దగ్గరికి తీసుకుని ఏడ్చేసింది.

నవంబరు 13న ఆ గదిలో నలుగురం ఉన్నాం. ముగ్గురికి తెలుసు. తెలియనిది డాక్టరుగారికొక్కరికే.

గుంటూరులో ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. 1988 ఆగస్టు 2న సుజాత పోయింది. ముప్పై ఒకటి నిండలేదు. ముందే పంపితే బతికేదా అని డాక్టరుగారిని ఒక్కసారే అడిగాను. “చెప్పలేం సిస్టర్. వీలుండేది,” అన్నారు. ఆ తరవాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

పెద్దవాళ్ళను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టడం అప్పటినుంచే మొదలుపెట్టాను. అమ్మ, అక్కచెల్లెళ్ళు, పిన్నులు, మేనత్తలు అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగి, డాక్టరుగారికి అక్కడికక్కడే చెప్పేదాన్ని. 1991లో సుజాత చెల్లెలికి గడ్డ కనిపిస్తే ఆ అత్తగారే తీసుకొచ్చింది. “నన్ను బయటికి పొమ్మంటావేంటి నర్సమ్మా, ఇంకా దాచడానికేముంది?” అంటూనే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మర్నాడే గుంటూరు పంపాం. అది ఒట్టి కొవ్వుగడ్డ.

పేషెంటు మాట నలుగురిలో పడకుండా కాపాడటం నర్సు పని. వైద్యం చేసే మనిషికి అందకుండా కాపాడటం కాదు. ఈ తేడా నేను పదిహేడేళ్ళ సర్వీసు తరవాత, ఇంకొకరి ప్రాణం మీద నేర్చుకున్నాను.

1998లో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో ఒక పెద్దమనిషి, “ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ సిస్టర్ నోటినుంచి ఒక్క పేషెంటు రహస్యం కూడా బయటపడలేదు” అన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో మా డాక్టరుగారు ఉన్నారు. ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.