జోగారావు గారి జావ

అమీర్‌పేటలో కొత్త మనిషి కనబడితే పేరడగరు, ఏ కంప్యూటర్ కోర్సని అడుగుతారు. వైటూకే గోల నడుస్తున్న ఆ రోజుల్లో ఏ కోర్సూ లేనివాడు ఆ వీధుల్లో ఉన్నా లేనట్టే. పలాస నుంచి వచ్చిన జోగారావు సరిగ్గా అలాంటివాడు. యాభై దగ్గర పడ్డాయి, పెళ్లీపెటాకులూ లేవు, సనత్‌నగర్‌లో ఓ చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పని. మధురానగర్ హాస్టల్లో అతని గదిలో కుర్రాళ్లు మారుతూనే ఉండేవారు గానీ, ఒక్కడూ పలకరించిన పాపాన పోలేదు.

ఫ్యాక్టరీలో అతనికో పిచ్చి పట్టుకుంది. ప్లాస్టిక్‌లో గోగునార కలిపి గట్టి రేకులు చెయ్యాలి. నారకేమో నీళ్లంటే ప్రాణం, ప్లాస్టిక్‌కి నీళ్లంటే గిట్టదు. రెండూ కలిస్తే ఒట్టు! కాస్త తడి తగిలితే చాలు, రేకు ఉబ్బిపోయి నార ఊడొచ్చేది. అందుకని చింతపిక్కల పిండితో జావ కాచి, అందులో జీడిపిక్కల తొక్క నూనె గిలక్కొట్టి, నారకి పట్టించి ఎండబెట్టి చూస్తున్నాడు.

ఓ సాయంత్రం కనకయ్య టీ బండి దగ్గర, గదిలో కొత్తగా చేరిన ప్రమోద్ మాట వరసకి అడిగాడు.

“మీరేం చేస్తుంటారండీ?”

“జావ మీద పని చేస్తున్నాను బాబూ. ఇంకా పట్టు కుదరలేదు.”

“జావానా! నాకూ అంతేనండీ, బుర్రకెక్కట్లేదు. మీ పక్కనుంటే నాలుగు ముక్కలొస్తాయి.”

“సార్‌కి జావా సుత వస్తదా? మస్తుగుంది!” అన్నాడు కనకయ్య.

కుర్రాడు పొరబడ్డాడని జోగారావుకి అక్కడే అర్థమైంది. చెప్పొద్దూ మరి? చెప్పలేదు. ప్రమోద్ రోజూ టీకి అతని కోసం కాచుకునేవాడు, ఇంటి సంగతులు చెప్పేవాడు. పాఠం అడిగితే జోగారావు “ముందు నువ్వు చెప్పు” అని తప్పించుకునేవాడు. ఆ కాసేపటి కబుర్ల కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేవాడు, పాపం.

ఆఖరికి రేకు నిలబడింది. తొట్టిలో నానేసినా ఉబ్బలేదు, విరిచినా నార ఊడి రాలేదు. యజమాని ‘సరే’ అని ఫోన్లో పడిపోయాడు. అంత సంబరం ఎవరితో చెప్పుకోవాలి? జోగారావు రేకు ముక్కని రుమాల్లో చుట్టుకుని టీ బండి దగ్గరికి పరుగెత్తాడు.

“పట్టు కుదిరింది బాబూ!”

ప్రమోద్ దాన్ని తిరగేసి చూశాడు. “ఇదేంటండీ?”

జోగారావు ఉన్నదంతా చెప్పేశాడు. ప్రమోద్ పగలబడి నవ్వాడు, వెంటనే మొహం మాడ్చుకున్నాడు.

“మీ కంపెనీలో నా రెజ్యూమె ఇస్తారనుకున్నానండీ. ముందే చెప్పొచ్చు కదా?”

“చెబితే నాతో టీకి వచ్చేవాడివా?”

ప్రమోద్ సగం తాగిన గ్లాసు బండి మీద పెట్టి, క్లాసుకి టైమైందని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి వేరే బండి దగ్గర టీ తాగుతున్నాడు.