నాన్న వేసిన ఒట్టు

ఆఫీసు లిఫ్టులో ఎవరి దగ్గరైనా సిగరెట్టూ యాలకులూ కలిసిన వాసన వస్తే నాకు నాన్న గుర్తొస్తారు.

హైటెక్ సిటీ లేచిన కొత్తలో మేము ఫిల్మ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్న డబ్బింగ్ ఆర్టిస్టు. గొంతు పాడవుతోందని డాక్టరు చెప్పాక, సిగరెట్లు మానేస్తానని నా తలమీద చెయ్యి పెట్టి అమ్మకు ఒట్టు వేశారు. ఆ ఒట్టు తప్పితే నేను చచ్చిపోతానని బడిలో స్నేహితురాలు చెప్పింది.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే, స్టూడియో గోడ పక్కన ఆయన సిగరెట్ కాలుస్తూ కనిపించారు. దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, నేను ఇవాళే చచ్చిపోతానా?"

ఆయన సిగరెట్ పడేసి నా ముందు మోకాళ్ళమీద కూలబడ్డారు.

"నీకేం కాదమ్మా. నావల్లే కావట్లేదు తల్లీ," అంటూ ఏడ్చారు.

సాయంత్రం ఆయన యాలకులు నములుతూ ఇంటికొచ్చారు. అయినా సిగరెట్ వాసన తెలిసిపోయింది. ఆయనకు నాకంటే సిగరెట్టే ఎక్కువనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆయన ఎన్నోసార్లు మానేశారు, మళ్ళీ మొదలుపెట్టారు.

చివర్లో ఆసుపత్రిలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో మగతగా పడుకుని ఉన్నప్పుడు కూడా, ఆయన వేళ్ళు జేబులేని ఆసుపత్రి చొక్కామీద జేబు కోసం తడుముకునేవి. నేను ఆ చేతిని పట్టుకుని కూర్చునేదాన్ని.